వంద గజాల్లో బస్తీ చదువుల కేంద్రం: స్థలం చూసుకోవడం నుంచి తాళంచెవి దాకా

హైదరాబాద్ బస్తీల్లో ఒకే గదిలో అయిదారుగురు సర్దుకుని ఉండే ఇళ్ళు మామూలే. వంట, టీవీ, పసిపిల్లల నిద్ర అన్నీ ఆ గదిలోనే. పదో తరగతి పరీక్షలు రాసే అమ్మాయికి రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పుస్తకం తెరుచుకుని కూర్చునే చోటుండదు. పొద్దంతా పెయింటింగ్ పనికో మెకానిక్ షెడ్డుకో పోయి వచ్చే కుర్రాడికి ఓపెన్ స్కూల్ పుస్తకాలున్నా, వాటిని చదివే మూల ఉండదు. ఆ చోటు కట్టి ఇవ్వాలనుకునే బస్తీ సంఘాలు, మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, వాళ్ళతో పనిచేసే ఇంజనీర్ల కోసం ఇది రాస్తున్నాం.

బస్తీలో స్థలం పెరగదు, పెంచుకోగలిగింది వేళలనే. వంద గజాల్లో నాలుగు గదులు ఇరికించిన కేంద్రం ఏడాది తిరగకుండా గోదాము అవుతుంది. రెండే గదులు కట్టి, రోజుకు పది గంటలు మనుషులుండేలా చూసుకున్నది నిలుస్తుంది. అందుకే ప్లాను గీయడానికి ముందు టైంటేబుల్ రాయాలి.

ఎవరు, ఏ పూట

రెండు వారాలు బస్తీలో తిరగండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి, మూడు పూటలా తిరగాలి. ఒక్క పూటే వెళితే ఒక్క రకం మనుషులే కనపడతారు. సాయంత్రం అయిదింటికి సర్వే చేసినవాళ్ళకు బడి పిల్లలే దొరుకుతారు. బడి మానేసి ఇంట్లో తమ్ముళ్ళను చూసుకునే పదిహేనేళ్ళ అమ్మాయి ఆ వేళకు వంటలో ఉంటుంది, పనికి పోయిన కుర్రాడు ఇంకా ఇల్లు చేరడు. అంగన్‌వాడీ టీచరు, ఆశ కార్యకర్త, మహిళా సంఘాల రిసోర్స్ పర్సన్, ఈ ముగ్గురినీ వెంటబెట్టుకుంటే ఏ ఇంట్లో ఎవరు చదువు మానేశారో లెక్క తేలుతుంది.

ఒక్కొక్కరినీ అడగాల్సినవి మూడు: ఏ గంటలో ఖాళీ? ఏ గల్లీ గుండా రావడానికి ఇబ్బంది? ఇంట్లో ఏ భాష? మూడోది చాలామంది అడగరు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడ పక్కపక్క గల్లీల్లోనే వినపడే బస్తీలున్నాయి. బోర్డుల దగ్గర నుంచి పుస్తకాల అరల దాకా అన్నీ దీన్నిబట్టే మారతాయి.

చాలా బస్తీల్లో టైంటేబుల్ కాస్త అటూ ఇటూగా ఇలా తేలుతుంది. పొద్దున 6 నుంచి 8 దాకా పరీక్షలకు చదివేవాళ్ళు. 11 నుంచి 2 దాకా ఇంటిపట్టున ఉండే అమ్మాయిలు, కోడళ్ళు: కుట్టు, కంప్యూటరు, ఓపెన్ స్కూల్. 4 నుంచి 6:30 దాకా బడి పిల్లలు. 7 నుంచి 9:30 దాకా పనికి పోయొచ్చిన కుర్రాళ్ళు కింద హాల్లో, ఇంటర్, పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) చదివే అమ్మాయిలు పైగదిలో. చివరి పూటే అసలు చిక్కు. ఒకే వేళలో రెండు గుంపులు ఉంటాయి, ఒకరి దారికి ఇంకొకరు అడ్డు రాకూడదు. పైగదికి వీధి నుంచి నేరుగా మెట్లు పెట్టాల్సింది ఇందుకే. హాలు మధ్యలోంచి మెట్లెక్కాల్సి వస్తే మొదటి నెలలోనే తల్లులు అమ్మాయిలను మాన్పిస్తారు.

స్థలం: ముందు కాగితం, తర్వాత నీళ్ళు, తర్వాత తీగలు

తెలంగాణలో ప్రభుత్వ స్థలాల్లో 125 గజాల దాకా కట్టుకున్న పేదల ఇళ్ళను ఉచితంగా క్రమబద్ధం చేసే జీవో 58 2014 డిసెంబరులో వచ్చింది. అది ఇళ్ళకు సంబంధించింది, బస్తీ ఉమ్మడి స్థలానికి దాన్ని ఆధారం చేసుకోలేరు. ఉమ్మడి స్థలమైతే అది రెవెన్యూదా, మున్సిపల్ కార్పొరేషన్‌దా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా అన్నది తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరుతో తేల్చుకోండి. ఎవరైనా తమ పట్టా స్థలం ఇస్తామంటే నోటిమాట మీద పునాది తవ్వకండి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కాకపోతే చట్టం ముందు నిలవదు. కనీసం పదిహేనేళ్ళ లీజు, అదీ సంఘం పేరు మీద. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్ళకు అనుమతి విషయంలో సడలింపు ఉంది. అది నివాస గృహాలకే. చదువుల కేంద్రానికి అనుమతి తీసుకోవాల్సిందే.

కాగితం గట్టిగా లేకపోయినా కేంద్రం అవసరం ఆగదు. అలాంటి చోట స్లాబు వేయకండి. బోల్టులతో బిగించే ఇనుప ఫ్రేము, 50 మిల్లీమీటర్ల పఫ్ శాండ్విచ్ షీట్ల (రెండు రేకుల మధ్య నురుగు నింపినవి) కప్పు, నడుము ఎత్తు దాకా ఇటుక గోడ, పైన సిమెంటు బోర్డు వాడండి. రేపు ఖాళీ చేయమంటే నట్లు విప్పి ఇంకో చోట నిలబెట్టుకోవచ్చు. వెల్డింగు మాత్రం వర్క్‌షాపులోనే పూర్తి చేయించాలి, బస్తీలో బోల్టు పనే మిగలాలి. పలుచటి రేకుల కప్పు వేయొద్దు. వాన పడితే పాఠం వినపడదు, మే నెలలో లోపల కూర్చోలేరు.

ఇక నీళ్ళు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు. 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ హద్దుల్లో కట్టినవాటిని కూల్చడం నగరమంతా చూసింది. పిల్లల కేంద్రం కదా అని ఎవరూ వదిలిపెట్టరు. హద్దు బయటే ఉన్నా వరద గుర్తు చూడాలి. 2020 అక్టోబరు 13 రాత్రి నీళ్ళు ఎంతదాకా వచ్చాయని చుట్టుపక్కల నాలుగిళ్ళలో అడగండి. గోడ మీద చేత్తో చూపిస్తారు. ఆ నాలుగు గుర్తుల్లో అన్నిటికన్నా పైదానికి ఆరు అంగుళాలు కలిపి గచ్చు మట్టం పెట్టండి. సీసీ రోడ్డు మళ్ళీ వేసిన ప్రతిసారీ పాతదాని మీదే పోస్తారు, గల్లీ నాలుగైదు అంగుళాలు లేస్తుంది. పదేళ్ళలో ఇల్లు గుంటలో పడుతుంది. ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి.

తీగలు. చాలా బస్తీలు కరెంటు లైన్ల కింద పెరిగాయి. 11 కేవీ లైను నుంచి పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు, 33 కేవీ అయితే పక్కకు 2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. ఈ కొలత ఇప్పుడున్న నేల నుంచి కాదు, రేపటి పైగది పిట్టగోడ మీద నిలబడ్డ పిల్లాడి చేతి నుంచి చూసుకోండి.

రెండు గల్లీలు కలిసే మూల స్థలం దొరికితే మరో ఆలోచన వద్దు. గాలి రెండు వైపుల నుంచి వస్తుంది, రెండో తలుపు పెట్టుకోవచ్చు.

ముగ్గుతో గీసి చూడండి

ప్లాను కాగితం మీద అర్థమయ్యేది ఇంజనీరుకే. ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో గోడలు, తలుపులు అసలు కొలతల్లో గీయండి. ముప్పయి మంది పిల్లలను హాలు గీతల్లో కూర్చోబెట్టండి. ఒక అమ్మాయిని వీధి నుంచి పైగది మెట్ల దాకా, ఇంకొకరిని హాలు నుంచి మరుగుదొడ్డి దాకా నడిపించండి. ఎక్కడ ఒకరినొకరు రాసుకుంటున్నారో, ఎవరి కాళ్ళు ఎవరికి తగులుతున్నాయో బస్తీవాళ్ళే చెప్తారు. ఒక పూట పని, కిలోల లెక్కన ముగ్గుపిండి ఖర్చు. స్లాబు పోశాక గోడ జరపడం ఎవరి తరమూ కాదు.

కొలతలు: 25 × 36 అడుగుల్లో

రెండు పక్కలా, వెనకా ఇళ్ళు ఆనుకుని, ముందు మాత్రమే గల్లీ ఉన్న స్థలాన్నే లెక్కకు తీసుకుందాం. ఎక్కువగా దొరికేవి అవే, కష్టమైనవీ అవే.

వీధి నుంచి లోపలికి వరస ఇది: 5 అడుగుల అరుగు, 18 అడుగుల హాలు, మరుగుదొడ్లు ఉండే 9 అడుగుల నీళ్ళ వరస, వెనక 4 అడుగుల ఆకాశం కనపడే ఖాళీ. మొత్తం 36. ఆ నాలుగడుగులు మాకూ ఇవ్వండని హాలు కోసం అడిగేవాళ్ళుంటారు, ఇవ్వకండి. మూడు వైపులా మూసుకుపోయిన స్థలానికి ఊపిరి అదొక్కటే.

అడ్డంగా చూస్తే, 8 అంగుళాల బయటి గోడలు పోను లోపల 23 అడుగుల 8 అంగుళాలు మిగులుతుంది. అందులో ఒక పక్క 5 అడుగుల మెట్ల వరస, 4 అంగుళాల గోడ, మిగతా 18 అడుగుల 4 అంగుళాలు హాలుకి. హాలు 330 చదరపు అడుగులు వస్తుంది. కింద కూర్చుని రాసుకునే పిల్లాడికి సంచితో కలిపి పది, పదకొండు చదరపు అడుగులు కావాలి. అంటే 30 మంది. నలభై మందిని కూర్చోబెట్టొచ్చు కదా అంటారు. కూర్చోబెట్టొచ్చు, టీచరు మాత్రం వెనక వరస దాకా నడవలేరు.

మెట్లే అందరూ తప్పు లెక్క వేసే చోటు. జాతీయ భవన నియమావళి చదువుల భవనాలకు 1.5 మీటర్ల వెడల్పు మెట్లు అడుగుతుంది, అంటే దాదాపు 5 అడుగులు. మెట్టు ఎత్తు 6 అంగుళాలు మించకూడదు, పాదం పెట్టే చోటు 12 అంగుళాలకు తగ్గకూడదు. అంతస్తు ఎత్తు 11 అడుగులైతే 22 మెట్లు. మధ్యలో 5 అడుగుల చదును గచ్చు వేస్తే, రెండు వరసల్లోనూ చివరి మెట్టు గచ్చు మీదికే కాబట్టి పాదాలు 20, మొత్తం పొడవు 25 అడుగులు. హాలు, నీళ్ళ వరస కలిపి 27 అడుగులు కాబట్టి సరిపోతుంది. 60 గజాల స్థలంలో ఇదే మెట్ల వరస నేలలో నాలుగో వంతు దాకా మింగేస్తుంది, అక్కడ పై అంతస్తు ఆశ వదులుకుని ఒక్క మంచి హాలు కట్టుకోవడం మేలు. రెండున్నర అడుగుల ఇనుప నిచ్చెన మెట్లు పెట్టి పైన ఇరవై మందిని కూర్చోబెట్టే పని ఎప్పటికీ చేయకండి. నిప్పంటుకున్నా, తేనెటీగలు లేచినా, ఒక్కసారిగా అందరూ దిగేది ఆ మెట్ల మీదే.

అరుగులో ర్యాంపు. పన్నెండు అడుగుల పొడవుకు ఒక్క అడుగు లేవాలి. గచ్చు వీధి కన్నా 15 అంగుళాలు ఎత్తుంటే ర్యాంపు 15 అడుగులు, మిగతా 10 అడుగుల్లో చదునైన గచ్చు, మెట్లు, హాలు తలుపు, పైగది మెట్ల తలుపు పడతాయి. గచ్చు ఇంకా ఎత్తు కావాల్సి వస్తే ర్యాంపు అరుగులో పట్టదు. అంత వరద వచ్చే చోటు చదువుల కేంద్రానికి తగినది కాదని దాని అర్థం. ర్యాంపు అంచున 16 అంగుళాల ఎత్తు పిట్టగోడ కట్టి పైన తాండూరు బండ పరిస్తే కూర్చునే అరుగు అవుతుంది. పిల్లల్ని తీసుకురావడానికి వచ్చిన అమ్మలు కూర్చునేది అక్కడే.

తలుపులు బయటికి తెరుచుకోవాలి, హాలు తలుపు మూడున్నర అడుగులు. ప్రతి గది తలుపులో కంటి ఎత్తున గాజు పలక ఉండాలి. పిల్లలతో పెద్దవాళ్ళు పనిచేసే చోట మూసిన చెక్క తలుపు ఉండకూడదు. ముందు వైపు కిటికీ గ్రిల్లుల్లో ఒకటి తలుపులా తెరుచుకునేలా చేయించి, తాళంచెవి పక్కనే గాజు పెట్టెలో పెట్టండి. వెనక దారి లేని స్థలంలో మంటలొస్తే రెండో దారి అదే.

గాలీ ఎండా

పక్క గోడలకు కిటికీలు లేవు. గాలి ముందు నుంచి వచ్చి వెనక ఖాళీలోకి పోవాలి. నీళ్ళ వరసలో మరుగుదొడ్లు పోను మిగిలే నాలుగున్నర అడుగుల నడవకు తలుపు బదులు ఇనుప జాలీ గేటు పెడితే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండో దారి మెట్ల వరస. వేడి గాలి పైకి పోతుంది కదా, మెట్ల గది పైభాగంలో నాలుగు వైపులా అడుగున్నర ఎత్తు లూవర్లు (గాలి పోయే వాలు పలకలు) పెట్టి, హాలు నుంచి మెట్ల వరసలోకి గోడ పైభాగంలో జాలీ ఇటుకలు వదిలితే ఫ్యాన్లు లేకపోయినా గాలి కదులుతుంది.

హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరం కిటికీకి సజ్జా అక్కర్లేదనే మేస్త్రీ మాట వినకండి, రెండడుగుల సజ్జా వేయించండి. ముఖం పడమరకైతే సజ్జా ఎంత పెట్టినా సాయంత్రపు ఎండ ఆగదు. నిలువు పలకలో, జాలీ ఇటుకలో, వట్టివేళ్ళ తడకో అడ్డం కావాలి. నాలుగింటికి వచ్చే బడి పిల్లల ముఖాన కొట్టేది ఆ ఎండే.

కప్పు మీద తెలుపు తప్పనిసరి. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ కప్పుల మీద తెల్ల పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించండి. డబ్బు లేకపోతే నీళ్ళ సున్నంలో జిగురు కలిపి మూడు కోట్లు. సున్నం వానకు కరిగిపోతుంది, ఏటా మార్చిలో మళ్ళీ వేయాలి. వేసేముందు దుమ్ము కడగకపోతే నెలలో పొరలుగా లేస్తుంది.

సిమెంటు గదిలో ముప్పయి మంది మాట్లాడితే గోల గింగుర్లాడుతుంది, వెనక వరసకు టీచరు మాట ముద్దగా వినిపిస్తుంది. ఒక గోడ నిండా కొబ్బరిపీచు పలకో, మెత్తటి పిన్ బోర్డో బిగించండి. పిల్లల బొమ్మలు, నోటీసులు పెట్టుకోవచ్చు, ప్రతిధ్వనీ తగ్గుతుంది.

మరుగుదొడ్లు

ఒక అమ్మాయి కేంద్రానికి వస్తుందా రాదా అన్నది పుస్తకాల కన్నా ముందు ఇక్కడే తేలుతుంది. నీళ్ళ వరసలో మూడు: వీల్‌చైర్ పట్టే గది 5 అడుగుల 8 అంగుళాలు × 7 అడుగుల 4 అంగుళాలు, మామూలువి రెండు, ఒక్కోటి 3 అడుగుల 6 అంగుళాలు × 5 అడుగులు. వీల్‌చైర్ గది తలుపు నడవలోకి, మిగతా రెండిటి తలుపులు వెనక ఖాళీలోకి. హాల్లో కూర్చున్నవాళ్ళకు ఎవరు ఏ తలుపు తీశారో కనపడకూడదు. వెనక ఇంటి మేడ మీద నుంచి చూపు పడకుండా తలుపుల పైన రెండున్నర అడుగుల రేకు చూరు దించండి.

అమ్మాయిల గదిలో మూత ఉన్న బకెట్టు, సంచి తగిలించే కొక్కెం, అద్దం, లోపలే కుళాయి, గట్టి గడియ. దీపం స్విచ్చి లోపల ఉండాలి. బయట పెడితే ఆకతాయిలు ఆర్పేస్తారు, అమ్మాయిలు మళ్ళీ ఆ గదికి పోరు.

డ్రైనేజీ కలిపే ముందు గల్లీ మ్యాన్‌హోల్ లోపలి పైపు మట్టం కొలవండి. మీ పైపు దానికన్నా పైన ఉండి, నాలుగు అంగుళాల పైపు అయితే నలభై అడుగులకు ఒక అడుగు వాలు దొరకాలి. వానాకాలంలో మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి కాబట్టి ఆఖరి ఛాంబరులో నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. అది లేని కేంద్రాల్లో మొదటి పెద్ద వానకే మురుగు వెనక్కి తన్ని హాల్లోకి వస్తుంది.

నీళ్ళ లెక్క: రోజుకు అన్ని పూటలా కలిపి 120 మంది, తలా 8 నుంచి 10 లీటర్లు, వెరసి 1,000 నుంచి 1,200 లీటర్లు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే చోట రెండు రోజుల నిల్వ కావాలి. అరుగు చదును గచ్చు కింద 6 × 4 అడుగుల సంపు, నీళ్ళ ఎత్తు 3 అడుగులు, 2,000 లీటర్లు. పైన 1,000 లీటర్ల ట్యాంకు. నిండిన ట్యాంకు టన్ను బరువు, దాన్ని మరుగుదొడ్ల గోడల మీదుగా వచ్చే స్లాబు పైనే నిలబెట్టాలి. సంపు మూతకు తాళం తప్పకుండా వేయండి, అరుగు మీద ఆడేది చిన్నపిల్లలు.

కరెంటు

330 చదరపు అడుగుల హాల్లో చదవడానికి చాలే వెలుతురు, అంటే 300 లక్స్, రావాలంటే 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు తొమ్మిది కావాలి. మూడు వరసల్లో మూడేసి, ఒక్కో వరసకు వేరే స్విచ్చి. నాలుగు ట్యూబులు గోడలకు పెట్టి సరిపెడితే మధ్యలో కూర్చున్నవాళ్ళ పుస్తకం మీద వాళ్ళ నీడే పడుతుంది. 48 అంగుళాల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే) ఫ్యాన్లు నాలుగు, ఒక్కోటి 35 వాట్లు. మొత్తం 320 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి దీన్ని రెండున్నర గంటలు లాగుతుంది, రాత్రి పూట క్లాసు నడిచిపోతుంది. మామూలు 75 వాట్ల ఫ్యాన్లు పెడితే అదే బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. బ్యాటరీని మెట్ల కింద గాలి ఆడే చోట, పిల్లల చేతికి అందకుండా పెట్టాలి.

దీపాలకు 1.5, సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్చి), సరైన ఎర్త్ గుంట. ఈ రెండిటి దగ్గర ఒక్క రూపాయి తగ్గించొద్దు, తడి చేతులతో స్విచ్చి ముట్టేది పిల్లలే. మీటరు సంఘం పేరు మీద తీసుకోండి, కమర్షియల్ కేటగిరీలో పడిందేమో మొదటి బిల్లులోనే చూసుకోండి. పక్కింటి మీటరు నుంచి లాక్కున్న కేంద్రాలు ఆ ఇంటివాళ్ళతో మాట పట్టింపు వచ్చిన రోజే చీకటవుతాయి.

కట్టేటప్పుడు

నిర్మాణం కింద 675, పైన 450, మొత్తం 1,125 చదరపు అడుగులు. వాడుక లెక్క ప్రకారం చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము. దాదాపు 450 బస్తాలు, నాలుగున్నర టన్నులు. లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అక్కడ నుంచి ట్రాలీ ఆటో, ఆఖరి గల్లీలో నెత్తి మీద మోత. మోత కూలి వేరే పద్దుగా మొదటి నుంచీ రాసుకోండి, కాంట్రాక్టరు సగంలో పని ఆపేది ఎక్కువగా ఈ లెక్క తప్పే. సిమెంటు ఒకసారి 50 బస్తాలకు మించి దించకండి. ఇసుక రాత్రి దించితే తెల్లారేసరికి గల్లీ మోరీలో ఉంటుంది. అది వానకు మురుగు ఆపి, కేంద్రం మొదలుకాకముందే ఇరుగుపొరుగుతో తగవు తెస్తుంది.

పునాది దగ్గర అతి జాగ్రత్త. పక్క ఇళ్ళకు చాలావరకు సరైన పునాది ఉండదు. వాళ్ళ గోడ పక్కనే వరసగా అయిదడుగుల గుంటలన్నీ ఒకేసారి తీస్తే గోడ పగులుతుంది, వానొస్తే కూలుతుంది. ఒకటి విడిచి ఒకటి తీయండి, తీసినదానిలో కాంక్రీటు వేసి మట్టి నింపాకే రెండోది. తవ్వే ముందు పక్కింటివాళ్ళను పిలిచి, ఉన్న పగుళ్ళను వాళ్ళ ఎదుటే ఫోటో తీసి పెట్టుకోండి. నాలా పక్క స్థలాల్లో పైన రెండు మూడడుగులు చెత్త, నిర్మాణ శిథిలాలతో పూడ్చిన నేల ఉంటుంది. మొరం తగిలేదాకా పోవాల్సిందే. కాలమ్‌లు, బీములు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కవేసి సంతకం పెట్టినవే కట్టండి. 18 అడుగుల హాలును బీము లేకుండా ఒకే స్లాబుతో దాటిస్తానన్న మేస్త్రీకి పని ఇవ్వకండి.

స్లాబు కింద పోట్లు (మోసే కర్రలు) 14 రోజులు, బీముల కింద 21 రోజులు కదపొద్దు. సెంట్రింగ్ అద్దె రోజుకింత పెరుగుతుందని తొందరపెడతారు. కాంక్రీటును తడిపి ఉంచడం రెండు వారాలు, వేసవైతే చుట్టూ గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టి. అందుకు నీళ్ళ ట్యాంకరు డబ్బు కూడా పద్దులో ఉండాలి.

గచ్చుకు తాండూరు బండ లేదా శాబాద్ బండ. చల్లగా ఉంటుంది, మెరుపు టైలులా జారదు, పగిలితే ఒక్క బండ మార్చుకోవచ్చు. అరలకు కడప బండలు గోడలోకి దింపండి, చెదపట్టని పుస్తకాల అర అంతకన్నా చవగ్గా దొరకదు.

లోపల ఏం పెట్టాలి

చిన్నవాళ్ళకు చాపలు, మడత డెస్కులు, డెస్కు ఎత్తు 10, 11 అంగుళాలు. పదహారేళ్ళు దాటినవాళ్ళకు కుర్చీ వేయాలి. పొద్దంతా నిచ్చెన మీద నిలబడి పనిచేసి వచ్చిన కుర్రాణ్ణి చిన్నపిల్లల చాప మీద కూర్చోమంటే చిన్నతనంగా అనిపించి రెండో రోజు రాడు. హాలు ఒక పక్క గోడ వెంట 29 అంగుళాల ఎత్తున కడప బండ బల్ల దింపితే 18 అడుగుల్లో ఎనిమిది కుర్చీలు పడతాయి. దాని పైన ప్లగ్ పాయింట్లు. కంప్యూటర్లు బల్ల మీద స్థిరంగా పెట్టకుండా ల్యాప్‌టాప్‌లు కొని, తాళం బీరువాలోనే ఛార్జింగ్ పెట్టుకుంటే బల్ల చదువుకీ పనికొస్తుంది. పుస్తకాలు అట్ట కనపడేలా నిలబెట్టండి. వెన్ను మాత్రమే కనపడితే చదవడం కొత్తగా నేర్చినవాళ్ళు చెయ్యి చాపరు.

తాళంచెవి

కట్టడం అయ్యేలోపే మూడు విషయాలు కాగితం మీద రాసి, బస్తీ పెద్దలు, మహిళా సంఘాల చేత సంతకాలు పెట్టించి హాలు గోడకు తగిలించండి.

ఒకటి, తాళంచెవులు రెండే. ఒకటి నడిపేవాళ్ళ దగ్గర, రెండోది గల్లీలోనే ఉండే మహిళా సంఘం సభ్యురాలి దగ్గర. ఏ పార్టీ నాయకుడి ఇంట్లోనూ ఉండకూడదు. గది ఒకసారి ఎవరిదో ఆఫీసైతే మళ్ళీ పిల్లలది కాదు.

రెండు, పెళ్ళిళ్ళకు, బోనాలకు, వినాయక చవితికి, ఇఫ్తార్‌కు కింది హాలు అడుగుతారు. ఇవ్వను అంటే బస్తీ దూరమవుతుంది, అడిగినప్పుడల్లా ఇస్తే చదువు పోతుంది. ఏడాదికి ఇన్ని రోజులు అని ముందే అంకె రాసుకోండి, 12 దాటకుండా. పైగది మాత్రం ఎప్పుడూ, ఎవరికీ ఇవ్వరు. పదో తరగతి పరీక్షలు నడిచే మార్చి, ఏప్రిల్ నెలల్లో హాలు కూడా ఇవ్వరు.

మూడు, అరుగు. రాత్రి పది తర్వాత పేకాట, మందు అక్కడికి చేరతాయి. అరుగు ముందు నాలుగడుగుల ఎత్తు జాలీ గేటు, రాత్రంతా వెలిగే ఒక దీపం, ఎదురింటి గుమ్మం నుంచి అరుగు మొత్తం కనపడేలా అడ్డు లేని ముఖం, ఈ మూడూ ఉంటే చాలావరకు రారు. పూర్తి ఎత్తు షట్టరు పెడితే వెనకేం జరుగుతోందో ఎవరికీ కనపడదు. అలాగే రాత్రి పూట అమ్మాయిలు నడిచొచ్చే గల్లీల్లో వెలగని వీధి దీపాలను స్తంభం నంబర్లతో సహా రాసి మున్సిపల్ వార్డు కార్యాలయంలో ఇవ్వండి. సర్వేలో అడిగిన రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు ఇక్కడ పనికొస్తాయి.

నడపడానికి నెలనెలా పడే ఖర్చులు ఇవి: కరెంటు, నల్లా బిల్లు, శుభ్రం చేసే మనిషి జీతం, ఫినాయిల్, మూడు నెలలకోసారి సంపు, ట్యాంకు కడగడం, బ్యాటరీకి నీళ్ళు. కట్టడానికి వచ్చిన విరాళాల్లోంచి ఒక ఏడాది నడిపే డబ్బు విడిగా బ్యాంకులో వేశాకే రంగులు, బోర్డుల సంగతి చూడండి. అన్నిటికన్నా ముందు ఖాయం చేయాల్సింది ఆ శుభ్రం చేసే మనిషి జీతం.